ఇస్త్రీపెట్టె మీద పడ్డ నింద

ఇస్త్రీపెట్టెను అనుమానించకండి. కనీసం మొదటే అనుమానించకండి. మా కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు ఏ పెళ్ళిలోనో బస్టాండులోనో ఎదురుపడి, "మేడం, మీ అనుభవంలోంచి ఒక్క మాట చెప్పండి" అని అడిగితే నేను చెప్పేది ఇదే. వాళ్ళు నవ్వుతారు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల గురించో, గాలివానకు పడిపోయిన స్తంభాల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. పడిపోయిన స్తంభాన్ని మర్నాడు మళ్ళీ నిలబెట్టవచ్చు. ఇస్త్రీపెట్టె మూలంగా ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేయబోయింది. అదీ మా డిపార్టుమెంటు మనిషి నోటి మాట వల్ల. అందుకే ఆ సంగతి చెబుతాను.

రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగు మాచర్లలో, అసిస్టెంట్ ఇంజనీరుగా. మాచర్ల ఎండలు మీకు తెలుసు. వేసవి మొదలైందంటే మా ఆఫీసు వరండాలో బిల్లులు పట్టుకుని జనం నిలబడేవారు. అందరిదీ ఒకటే మాట, "మేడం, మీటరు గిర్రున తిరుగుతోంది." తిరిగే చక్రాల మీటర్లు పోయి చానా కాలమైంది. ఇప్పటి మీటర్లలో తిరిగేదేమీ లేదు, ఒక ఎర్ర దీపం మిణుకుమిణుకు మంటుంది, అంతే. అయినా జనం నోట్లో మాత్రం మీటరు ఇంకా తిరుగుతూనే ఉంది. నేను వాళ్ళను తప్పుపట్టను. ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తీసుకుంటుందో చెప్పే గుర్తు ఆ వస్తువు మీద ఎక్కడా కనపడదు. నెలాఖరుకు అన్నీ కలిపి ఒకే అంకె వస్తుంది. ఆ అంకెను చూసి ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ళ నెత్తిన వేస్తారు.

ఆ వరుసలో ఒకరోజు ఒక లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరై కొన్నేళ్ళయింది. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. రైల్వే స్టేషను వెనక సందులో సొంత ఇల్లు. కింద ఆయన ఒక్కరే ఉంటారు, భార్య పోయిన సంవత్సరం చనిపోయింది. పిల్లలు లేరు. పైన అద్దెకు ఒక ముస్లిం కుటుంబం ఉంటోంది. భర్త లారీలు బాగుచేసే మెకానిక్, భార్య ఇంట్లోనే మిషను మీద బ్లౌజులు కుడుతుంది, స్కూలుకెళ్ళే ఒక కూతురు. ఇల్లంతటికీ ఒకటే మీటరు. వచ్చిన బిల్లు చెరిసగం. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా సాగిన ఏర్పాటు అది.

"మీటరు ఫాస్టుగా ఉందమ్మా," అన్నారు మాస్టారు. "నా వాడకం ఏముంది? ఒక ఫ్యాను, ఒక లైటు. ఆదివారం చర్చికి పోతే అదీ లేదు. ఈ బిల్లెట్టా వచ్చింది?"

మీటరు తీయించి పరీక్షకు పంపాం. ఏ లోపమూ లేదని తిరిగొచ్చింది. దాన్ని మళ్ళీ బిగించడానికి మా లైన్ ఇన్‌స్పెక్టరు వెళ్ళాడు.

ఆయన గురించి కాస్త చెప్పాలి. పనిలో ఆయనంతటి మనిషిని నేను చూడలేదు. గాలివాన మొదలైన రోజు ఆయన డ్యూటీలో ఉన్నాడంటే నేను నిశ్చింతగా అన్నం తినేదాన్ని. ఏ లైను ఎక్కడ తెగి ఉంటుందో గాలి వాటం చూసి చెప్పేవాడు. ఆయనకున్న జబ్బు ఒకటే. ఎవరేమడిగినా 'తెలియదు' అనలేడు. దారి అడిగితే తెలియని ఊరికైనా దారి చెబుతాడు. ఆ రోజు ఆయన నిచ్చెన మీద ఉండగా మాస్టారు కింద నుంచి అడిగారట, "మీటరు బాగానే ఉంటే మరి కరెంటంతా యాడికి పోతంది?" అని. మా వాడు తల ఎత్తి చూశాడు. పై కిటికీలో ఆమె బ్లౌజు ఇస్త్రీ చేస్తూ కనపడింది.

"ఇంకేంది మాస్టారూ, పైన ఇస్త్రీపెట్టె ఆడతంది గదా. అదొక్కటి చాలు, ఇల్లు ముంచుద్ది," అన్నాడు.

స్క్రూలు బిగించి, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేశాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పేంత సంగతని ఆయనకూ అనిపించి ఉండదు.

పది పన్నెండు రోజులు గడిచి ఉంటాయి. పై వాటాలో ఉండే ఆమె ఆఫీసుకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, కరెంటోళ్ళకి పెద్ద మీరేనా?"

"చెప్పమ్మా."

"మీ మనిషి ఒక్క మాట అని నిచ్చెన దిగి పోయాడు. ఆ మాట ఇంకా మా సందులోనే తిరగతంది. మాస్టారు మమ్మల్ని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. చేస్తాం, ఇల్లాయనది. కానీ సందంతా 'కరెంటు తాగే మనిషి' అంటన్నారు. ఒకామె అయితే వైరు తగిలిచ్చి దొంగ కరెంటు వాడతన్నానంది. ఇప్పుడు నాకు ఇల్లెవరిస్తారు? నా దగ్గర కుట్టిచ్చుకునేవాళ్ళంతా ఆ సందోళ్ళే. సందు ఇడిసి పోతే బతుకు మళ్ళీ మొదట్నించి."

మా లైన్ ఇన్‌స్పెక్టరు ఆ గదిలోనే ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బయట చూడవలసినంతటిది ఏమీ లేదు, పాత డ్రమ్ములు తప్ప.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాను.

"కొలవండి. మిషను కొలవండి, ఇస్త్రీపెట్టె కొలవండి. నాదే తప్పయితే మీ ముందరే సామాన్లు సర్దుకుంటా."

ముప్పై ఏళ్ళకు పైబడిన సర్వీసులో 'నా బిల్లు తగ్గించండి' అన్నవాళ్ళను వేలమందిని చూశాను. 'నన్ను కొలవండి' అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

కొలవడం అంటే నాకు ఎప్పటినుంచో సరదా. నా దగ్గర అరచేతిలో పట్టే చిన్న మీటరొకటి ఉండేది. దాన్ని ప్లగ్గుకీ స్విచ్‌బోర్డుకీ మధ్య పెడితే ఆ ఒక్క వస్తువు ఎంత కరెంటు తీసుకుంటోందో చూపిస్తుంది. సొంతానికి కొనుక్కున్నాను. నరసరావుపేటలో మా ఇంట్లో దానికి దొరకని వస్తువు లేదు. మిక్సీ, గ్రైండరు, టీవీ, దోమల మందు సీసా, అన్నీ కొలిచాను. "ఇంక మిగిలింది నేనే, నన్నెప్పుడు తగిలిస్తావు?" అనేవారు మా ఆయన. ఆ కొలతలు నాకు నేర్పిన సంగతి చిన్నదే, కానీ జనానికి అంత తేలిగ్గా ఎక్కదు. వేడెక్కే వస్తువును చూసి మనం భయపడతాం, ఎందుకంటే అది ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. కానీ లాగేది కాసేపే. అసలు సంగతి ఎంతసేపు లాగుతుందన్న దాంట్లో ఉంది. ఒక పూట భోజనానికి వచ్చిన పదిమంది చుట్టాలకంటే, ఏడాదంతా ఇంట్లో కూర్చుని తినే ఒక్క బావమరిదికి ఎక్కువ బియ్యం అవుతాయి.

ఆ చిన్న మీటరు ఆమెకు ఇచ్చి, ఎలా పెట్టాలో చూపించి, వారం పాటు ఉంచుకోమన్నాను. కొన్ని రోజులు ఇస్త్రీపెట్టెకు, కొన్ని రోజులు మిషను మోటారుకు. పెళ్ళిళ్ళ రోజులు, ఆమె చేతినిండా పని ఉంది. అయినా వారం తర్వాత చూస్తే ఆ రెండూ కలిపి రోజుకు ఒక యూనిట్ కూడా తీసుకోవడం లేదు.

"అంతేనా?" అంది ఆమె. గొంతులో కొంచెం నిరాశ కూడా వినిపించింది. అన్ని మాటలు పడిన ఇస్త్రీపెట్టె ఇంత అల్పప్రాణి అని తేలడం ఆమెకు నచ్చినట్టు లేదు.

పైన ఫ్యాన్లు పాతవే, టీవీ చిన్నదే. ఏదీ ఆ బిల్లుకు సమాధానం చెప్పేటట్టు లేదు. ఇక కింద చూడాలి. మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు.

"చూడండమ్మా, నాకు దాచుకునేదేముంది? నేను అబద్ధమాడే మనిషిని కాదు."

నిజంగానే కాదు. అది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు ఆయన్ని అపార్థం చేసుకోకుండా.

ఆ మధ్యాహ్నం నేనూ, లైన్ ఇన్‌స్పెక్టరూ వెళ్ళాం. ఎండకు సందులో కుక్కలు కూడా లేవు. పైభాగానికి వెళ్ళే లైను మొత్తం ఆపించాను. ఆమె మెట్లు దిగివచ్చి వరండాలో నిలబడింది. కింద మాస్టారి ఫ్యాను, లైటు ఆపేశాం. సెల్‌ఫోను చార్జరు కూడా పీకేశాం. మీటరు దగ్గరకు వెళ్ళి చూశాను. ఎర్ర దీపం మిణుకుతోంది. నింపాదిగా, ఆగకుండా మిణుకుతూనే ఉంది.

"లీకేజీ మేడం," అన్నాడు లైన్ ఇన్‌స్పెక్టరు వెంటనే. ఈసారి నేనూ అదే అనుకున్నాను. పాత వైరింగు, గోడలో ఎక్కడో తీగ తొడుగు చిట్లి ఉంటుంది, బాత్రూము గోడ తడిగా ఉంటే కరెంటు అందులోంచి భూమిలోకి జారిపోతుంది. ప్రాణాలు తీసే లోపం అది. ఇద్దరం బాత్రూము గోడను అంగుళం అంగుళం వెతికాం. గోడ ఎండిన రొట్టెలా పొడిగా ఉంది. పక్కింటివాళ్ళు ఎవరైనా తగిలించుకున్నారేమోనని మా వాడు ప్రహరీ ఎక్కి చూశాడు. అక్కడా ఏమీ లేదు. చెమటతో తడిసిపోయాం. మాస్టారు మాకు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చారు. కుండలోవి. ఈ ఎండల్లో కుండలోవి ఎందుకని అడగాలని అప్పుడైనా నాకు తట్టలేదు.

చివరికి స్విచ్‌బోర్డు మూత విప్పి, తీగను తెంచకుండా దాని చుట్టూ కొక్కెంలా పట్టుకుని కరెంటు కొలిచే పరికరంతో ఒక్కో తీగా చూస్తూ వచ్చాను. అన్నీ సున్నా. ఒక్కదానిలో మాత్రం అంకె కదిలింది.

"మాస్టారూ, ఈ తీగ ఎక్కడికి పోతుంది?"

"వెనక గదిలోకి. ఆ గది వాడటం లేదమ్మా."

"ఒకసారి తీస్తారా?"

ఆయన కదల్లేదు. "అందులో ఏం లేదు. ఖాళీ ఫ్రిజ్ ఒకటి ఉంది, అంతే."

"ఆన్‌లో ఉందా?"

"ఆన్‌లోనే ఉంది. ఖాళీదే గదమ్మా, దానికి కరెంటేం కాలుద్ది?"

అందులో ఏ మాయా లేదు. ఖాళీ బస్సుకు టిక్కెట్టు ఎందుకన్నంత సహజంగా అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన మా ఆఫీసుకు తిరిగిందీ, పైవాళ్ళను ఖాళీ చేయమన్నదీ ఆ నమ్మకంతోనే. ఫ్రిజ్‌లో వస్తువులు ఉంటేనే కదా వాటిని చల్లబరచడానికి కరెంటు కావాలి. ఏమీ లేకపోతే అది ఊరికే ఉంటుందని ఆయన లెక్క.

తలుపు తీశారు. లోపల నుంచి వేడి మొహాన కొట్టింది. కిటికీ మూసి ఉంది, పైన స్లాబు ఎండకు కాగిపోతోంది. మూల ఒక పాత ఫ్రిజ్, గుర్రుమంటూ ఆడుతోంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒక వైపు ఊడిపోయి వేలాడుతోంది. తలుపు తెరుచుకోకుండా పాత చీర అంచు ఒకటి చించి కట్టి ఉంది. నేను ఆ ముడి విప్పి తలుపు తెరిచాను. పై అర మంచు గడ్డకట్టి మూసుకుపోయింది. కింద అరలు శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి. తలుపు లోపలి గూటిలో మాత్రం ఒక చిన్న అట్టపెట్టె ఉంది. ఇన్సులిను.

మాస్టారు గడప దగ్గరే నిలబడిపోయారు. ఆయనే చెప్పారు.

"ఈ ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది చల్లనీళ్ళ కోసం కాదమ్మా. మా ఇంటామె ఇంజెక్షన్ల కోసం వచ్చింది. పెళ్ళయిన కొత్తల్లోనే ఆమెకు సుగరు. ఫ్రిజ్ ఆగగూడదు, అదే ఈ ఇంటి రూలు. కరెంటు పోతే నేను ఫ్లాస్కు పట్టుకుని ఐసు కోసం బజారుకు పరిగెత్తేవాణ్ణి. చివర్లో మంచంలో ఉండి కూడా అడిగేది, 'ఫ్రిజ్ ఆడతందా?' అని. ఆడతందిలే అనేవాణ్ణి. ఆ పెట్టె తెచ్చిన వారానికే పోయింది. తర్వాత వచ్చినోళ్ళు అన్నీ తీసి కడిగారు. అదొక్కటి నేను తియ్యనియ్యలా. ఆపుదామని చానాసార్లు స్విచ్చి మీద చెయ్యి పెట్టా. నొక్కటానికి చెయ్యి రాలా."

నా చిన్న మీటరును ఆ ఫ్రిజ్‌కు తగిలించాను. ఎందుకంటే అప్పుడు నాకు చేతనైన పని అదొక్కటే. మంచి ఫ్రిజ్ కాసేపు ఆడి, చల్లబడ్డాక ఆగి, మళ్ళీ ఆడుతుంది. ఇది ఆగటం లేదు. ఎంతసేపు చూసినా ఆగలేదు.

"మాస్టారూ," అన్నాను, "లోపల వస్తువులున్నాయో లేవో ఫ్రిజ్‌కు తెలియదు. లోపలికి వేడి వస్తే బయటికి తోసెయ్యడమే దానికి తెలిసిన పని. రబ్బరు ఊడిపోయింది కాబట్టి ఈ గదిలో వేడంతా అందులోకి పోతోంది. ఇది మీ ఇన్సులిను ఒక్కదాన్నే కాదు, ఈ గదిని, మాచర్ల ఎండను కూడా చల్లబరచాలని చూస్తోంది. ఆ పని ఎప్పటికీ అవదు, అందుకే ఆగటం లేదు."

"ఎంతవుతదమ్మా?"

"రోజుకు నాలుగు యూనిట్ల పైనే."

"పైన ఇస్త్రీపెట్టె?"

"మిషనుతో కలిపినా ఒక యూనిట్ లోపే."

లెక్కల మాస్టారు. నెలకు ఎంతో నేను గుణించి చెప్పనక్కర్లేదు. ఆయన పెదవులు కదలడం చూశాను, తర్వాత ఆగిపోవడమూ చూశాను.

మా లైన్ ఇన్‌స్పెక్టరు పని మనిషి కదా, లోపం దొరికింది కాబట్టి సరిచేయాలనుకున్నాడు. ప్లగ్గు పీకడానికి వంగి చెయ్యి చాపాడు. ఇంతసేపూ వరండాలో ఉన్న ఆమె ఒక్క అడుగు వేసి లోపలికి వచ్చింది.

"ఆగండి సార్. అది మాస్టారు తియ్యాల్సింది. మీరు కాదు."

మా వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "అమ్మాయీ, నీ నెత్తిన లేనిపోని నింద వేశా. తప్పు నాది. మీరు ఖాళీ చెయ్యొద్దు."

కథ సుఖాంతమైందని నేను పరికరాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాను. అంకెలు నిజం చెప్పాయి, నిజం తేలితే గొడవ తీరుతుంది, ఇంకేం కావాలి? మా ఇంజనీర్లకు ఇదొక అమాయకత్వం.

"ఉండలేను మాస్టారూ," అంది ఆమె. కోపంగా కాదు. "ఇయ్యాల ఫ్రిజ్ దొరికింది గాబట్టి నేను మంచిదాన్నయినా. దొరక్కపోతే? ఇన్నేళ్ళు మీ ఇంట్లో ఉన్నా, మీరు మెట్లెక్కి వచ్చి 'ఏందమ్మా ఇది' అని ఒక్కమాట నన్నడగలా. నిచ్చెన మీద మనిషి చెబితే నమ్మారు. రేపు ఇంకో నెల బిల్లు పెరిగితే మళ్ళీ నా వైపే చూస్తారు."



ఆమె నా వైపు తిరిగింది. "మేడం, నా మీటరు నాకు పెట్టిచ్చండి. నేను కాల్చింది నేనే చూసుకుంటా. అప్పుడైతే ఉంటా." ఆ తర్వాత మా లైన్ ఇన్‌స్పెక్టరును చూసింది. "సార్, మీరన్న మాట మీరే సందులోకి పోయి వెనక్కి తీసుకోండి. నేను చెబితే ఎవరూ నమ్మరు."

ఆయన నాకంటే రెండేళ్ళే చిన్న. యూనియన్‌లో పెద్ద పేరు. ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆయన మాత్రం నేరుగా బయటికి నడిచాడు. ఎండ వాలుతోంది, సందులో ఆడవాళ్ళు అప్పుడే అరుగుల మీదికి వస్తున్నారు. సందు మధ్యలో నిలబడి, స్తంభం మీది మనిషితో మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో చెప్పాడు.

"అమ్మా, అందరూ వినండి. మాస్టారి ఇంటిపైన ఆమె కరెంటు ఎక్కువ కాలస్తందని అన్నది నేనే. చూడకుండా అన్నా. ఇయ్యాల మేడం కొలిచింది. ఇస్త్రీపెట్టె, మిషను కలిపినా ఏమంత లేదు. వైరు తగిలిచ్చింది లేదు, ఏం లేదు. తప్పు నాది."

ఫ్రిజ్ సంగతి ఎత్తలేదు. మాస్టారి ఇంట్లో చూసింది మాస్టారి ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన తనకు తెలిసిన సంగతి చెప్పకుండా ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఎదురింటి ముసలామె అరుగు మీద నుంచే అరిచింది, "ఒరేయ్ అబ్బాయా, ఆమెది కొలిచినోళ్ళు మా ఇల్లు కూడా కొలవండిరా! మా కోడలు టీవీ ఆపదు."

"మరి నీ నీళ్ళ మోటరు సంగతేంది అత్తా?" అని లోపల నుంచి కోడలు.

నవ్వులు మొదలయ్యాయి. నవ్వులతోపాటు నా చిన్న మీటరు కూడా చేతులు మారింది. దాన్ని పైన ఆమె దగ్గరే ఉంచాను. బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగి పట్టుకెళ్ళేవారు. అత్తాకోడళ్ళ తగాదాలో టీవీ నిర్దోషిగా తేలింది. నీళ్ళ మోటారుది తప్పని తేలింది. పైన ట్యాంకు నిండినా చూడక, నీళ్ళు కారిపోతున్నా మోటారు ఆడుతూనే ఉండేదట. ఇంకొకరింట్లో టీవీ ఆపినా దాని పక్కన కేబులు డబ్బా రాత్రీ పగలూ వెచ్చగా ఉండటం చూసి, స్విచ్చి దగ్గర ఆపడం మొదలుపెట్టారు. కరెంటు పొదుపు మీద మా ఆఫీసు నుంచి కట్టలకొద్దీ కరపత్రాలు పంచాం. అవి మిరపకాయ బజ్జీలు చుట్టడానికి బాగా పనికొచ్చాయి. ఆ సందులో వాడకం తగ్గించింది మాత్రం ఎవరింట్లో వాళ్ళు కళ్ళారా చూసుకున్న అంకె.

కొత్త మీటరు పని నేను అనుకున్నంత తేలిగ్గా కాలేదు. అద్దెకున్నవాళ్ళకు వేరే సర్వీసు కనెక్షను ఇవ్వాలంటే పైన వేరే వంటగది ఉన్నట్టు చూపాలి, ఇంటి యజమాని ఒప్పుకోవాలి. మాస్టారు అడగకముందే సంతకం చేసి పంపారు. ఆయన స్వయంగా ఆఫీసుకు వచ్చింది దానికి కాదు. ఒక ఉదయం గొడుగు మూసి నా ఎదుట కూర్చున్నారు.

"ఆ పెట్టె పట్టుకుని ఆసుపత్రికి పోయానమ్మా," అన్నారు. "ఎవరికైనా పనికొస్తదేమోనని. నర్సమ్మ చూసి, 'మాస్టారూ, దీని గడువు ఎప్పుడో అయిపోయింది' అంది. ఒక్కరోజు కూడా ఫ్రిజ్ ఆపకుండా పెట్టానమ్మా అన్నా. చల్లగా పెట్టినా కాలం ఆగదు గదా అంది."

గొడుగు ఒళ్ళోకి తీసుకున్నారు.

"చిన్న పిల్ల. నా దగ్గర చదువుకోలేదు. కానీ సరిగ్గానే చెప్పింది. ఇంటికి పోయి ఆపేశా. మంచు అంతా కరిగి గదినిండా నీళ్ళు. తుడుచుకున్నా."

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో వేల స్విచ్చులు ఆపించాను. ఆ స్విచ్చి ఆపింది నేను కాకపోవడం మంచిదైంది.

కొత్త మీటరు బిగించడానికి లైన్ ఇన్‌స్పెక్టరు తానే వస్తానన్నాడు. దానికి ఎవరిని పంపినా సరిపోయేది. అయినా నిచ్చెన తెచ్చుకుని, రెండో మీటరు పెట్టె మాస్టారి మీటరు పక్కనే తాడు పట్టినట్టు నిలువుగా బిగించాడు. నేనూ వెళ్ళాను. ఆమె భర్త ఆ రోజు గ్యారేజీకి సెలవు పెట్టి, నూనె మరకలు లేని చొక్కా వేసుకుని నిలబడ్డాడు. పైన ఆమె మిషను స్విచ్చి వేసింది. కింద కొత్త మీటరులో ఎర్ర దీపం మిణుకుమంది. ఆమె మెట్లు దిగి వచ్చి చూసింది. మళ్ళీ పైకి వెళ్ళి ఇస్త్రీపెట్టె పెట్టింది. మళ్ళీ దిగి వచ్చింది. ఈసారి దీపం తొందర తొందరగా మిణుకుతోంది.

"కాలనియ్యి," అంది. "నాదే గదా."

అప్పుడు మాస్టారు గొంతు సవరించుకున్నారు. చెప్పాలనుకున్నది ఆయన ముందే తయారు చేసుకుని వచ్చినట్టుంది, పాఠం చెప్పేవాడిలా నిలబడ్డారు.

"అమ్మాయీ, ఆ ఫ్రిజ్ ఊరికే పడుంది. స్టేషను రోడ్డులో మెకానిక్కుని పిలిపిచ్చి చూపిచ్చా. రబ్బరు మారిస్తే బాగుంటదన్నాడు. మీ ఇంట్లో ఫ్రిజ్ లేదు గదా. మీరు పైకి తీసుకుపోయి వాడుకోండి. పిల్లకు చల్లనీళ్ళన్నా ఉంటాయి."

ఆమె భర్త సంతోషంగా ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. తల తిప్పి కొత్త మీటరు వైపు చూసింది, తర్వాత మాస్టారి వైపు.

"నా మీటరు మీద వద్దు మాస్టారూ," అంది. "రబ్బరు మార్పిచ్చి, కిటికీ ఉన్న గదిలో మీ దగ్గరే పెట్టుకోండి. మీ మీటరు మీదే ఆడనీండి. నేను రోజూ వచ్చి పాలు పెట్టుకుంటా."

నిచ్చెన మీద మా లైన్ ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక స్క్రూడ్రైవరు కింద పడేసుకున్నాడు. మాస్టారు ఒక్క క్షణం తెల్లబోయి చూశారు. తర్వాత వంగి ఆ స్క్రూడ్రైవరు తీసి ఆయనకు అందిస్తూ, "సరే అమ్మాయీ, పొద్దున్నే వస్తావా, సాయంత్రమా?" అని అడిగారు.

"రెండు పూటలా," అంది ఆమె.